"మనవాడి మీదే కేసా?" అనే ముందు: కార్మిక సంఘాల నాయకులకు బహిరంగ లేఖ

కార్మిక సంఘాల నాయకులకు, యార్డుల్లో, గోడౌన్లలో, ప్లాంట్లలో కార్మికుల తరఫున మాట్లాడే ప్రతినిధులకు,

నమస్కారం.

పని చోట దెబ్బతిన్నవాళ్ల నష్టపరిహారం కేసులు చూసే లాయర్‌ని నేను. ఈ ఉత్తరం యాజమాన్యాలకు రాయాల్సింది కదా అని మీకు అనిపించవచ్చు. వాళ్లతో చెప్పాల్సింది కోర్టులో ఎలాగూ చెబుతున్నాం. ఇది మీకు రాస్తున్నది. తోటి కార్మికుడు నడిపే బండి తగిలి దెబ్బతిన్నవాళ్ల కేసుల్ని చాలాసార్లు మేనేజ్‌మెంట్ కన్నా ముందే మనవాళ్లే ఆపేస్తున్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, మంచి మనసుతోనే.

ఎలాగో మీకు తెలియనిది కాదు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ ఒకతని కాలు నలిపేసింది. నడిపినవాడు అదే షిఫ్ట్ మనిషి, రోజూ పక్కన కూర్చుని తినేవాడు. ఆసుపత్రి వరండాలో అందరూ పోగవుతారు. నడిపినవాడు ఓ మూల తల పట్టుకుని కూర్చుంటాడు, ఎవరి కళ్లలోకీ చూడడు. అప్పుడు ఎవరో ఒకరు, తరచూ మీలోనే ఒకరు, దెబ్బతిన్నవాడి భార్యను పక్కకు పిలిచి అంటారు: "మనవాడే కదమ్మా. కావాలని చేశాడా? కేసు పెడితే వాడి ఉద్యోగం పోతుంది. వాడికీ పిల్లలున్నారు." ఆవిడ తల ఊపుతుంది. ఆ క్షణంలో ఇంకేం చేస్తుంది? ఆసుపత్రి ఖర్చులు కంపెనీ చూసుకుంటుందిలే అని ఎవరో భరోసా ఇస్తారు. క్లెయిమ్ కథ అక్కడికి ముగిసిపోతుంది.

ఆ మాటలో జాలి ఉంది, కాదనను. కానీ దానికి ఆధారమే తప్పు. దెబ్బతిన్నవాడు వేసే క్లెయిమ్ ఆ డ్రైవర్ మీద కాదు, యజమాని మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే చాలాచోట్ల యజమాని వెనకున్న ఇన్సూరెన్స్ మీద, లేదా ప్రభుత్వ బీమా నిధి మీద. డ్రైవర్ పేరు అందులో వస్తుంది, ప్రమాదం ఎలా జరిగిందో చెప్పాలి కాబట్టి. డబ్బు కట్టమని అతన్ని అడగరు. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు ఊరుకుండిపోయాయో లెక్క ఎవరి దగ్గరా ఉండదు, వేయని క్లెయిమ్‌కు రికార్డు ఉండదు కదా.

కార్మిక నష్టపరిహార చట్టాల అసలు ప్రాణం ఒక్కటే: తప్పెవరిదని అడగకపోవడం. దెబ్బ పని వల్ల, పనిలో ఉండగా తగిలిందా? తగిలితే పరిహారం రావాలి. జర్మనీలో 1884లో, ఇంగ్లండ్‌లో 1897లో, భారతదేశంలో 1923లో వచ్చిన చట్టాలు ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. 1925లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒడంబడికగా దీన్ని దేశాల ముందు పెట్టింది. దెబ్బతిన్నవాడు తాగి ఉన్నాడా, భద్రతా నియమాన్ని కావాలని తోసిపుచ్చాడా లాంటి కొన్ని మినహాయింపులు దేశాన్ని బట్టి ఉంటాయి. అవి దెబ్బతిన్నవాడి ప్రవర్తన గురించే. బండి నడిపిన తోటివాడు అజాగ్రత్తగా ఉన్నాడన్నది పరిహారం ఎగ్గొట్టడానికి సాకు కాదు.

మొదటినుంచీ ఇలా లేదు. దీని వెనక వందేళ్ల పైచిలుకు కథ ఉంది. చిత్రమేమిటంటే ఆ కథ మొదలైంది కూడా ఒక బండి ప్రమాదంతోనే.

ఇంగ్లండ్‌లో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే కుర్రాడు సరుకు బండి మీద వెళుతున్నాడు. మోయలేనంత బరువు ఎత్తారు, బండి విరిగింది, కుర్రాడి తొడ ఎముక విరిగింది. జ్యూరీ వంద పౌండ్లు ఇమ్మంది. 1837లో పై న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. న్యాయమూర్తి లార్డ్ అబింజర్‌కి ఒక భయం పట్టుకుంది. ఇది ఒప్పుకుంటే రేపు పనిమనిషి చెమ్మ పరుపు మీద పడుకోబెట్టిందని, వంటవాడు రాగి గిన్నెలు సరిగా తోమలేదని కూడా నౌకర్లు యజమానిని కోర్టుకు లాగుతారట! బండి కింద నలిగిన కాలుకూ చెమ్మ పరుపుకూ పోలిక పెట్టారు. ఆ పోలిక మీద ఒక పెద్ద సిద్ధాంతమే లేచింది: తోటి నౌకరు తప్పు వల్ల తగిలిన దెబ్బకు యజమాని పూచీ లేదు.

అయిదేళ్లకు, 1842లో, అది అట్లాంటిక్ దాటింది. మసాచుసెట్స్‌లో రైలు ఇంజిన్ నడిపే ఒకాయన చెయ్యి పోయింది. పట్టాలు మార్చే ఉద్యోగి ఒక మీటను సరిగా పెట్టలేదు, అంతే. ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా రెండు మాటలు అన్నారు. ఆ ప్రమాదపు రిస్క్ డ్రైవర్ జీతంలోనే కలిసి ఉందని ఒకటి. ఒకే పనిలో ఉన్నవాళ్లు ఒకరినొకరు గమనించుకుంటూ, తప్పు చేసేవాణ్ణి యజమానికి చెప్పగలరని రెండోది. వేగంగా పోతున్న ఇంజిన్‌లో ఉన్నవాడు ఎక్కడో పట్టాల పక్కనున్న మనిషిని ఎలా గమనించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ సిద్ధాంతాన్ని కూల్చడానికి మీలాంటివాళ్లే, అంటే అప్పటి సంఘాలే, తరాల పాటు కొట్లాడాయి. ఇంగ్లండ్‌లో 1880లో దానికి బీట పడింది. భారతదేశంలో 1938 చట్టం ఆ సాకును యజమాని చేతిలోంచి లాగేసింది. ఇంగ్లండ్‌లో దాన్ని పూర్తిగా పూడ్చిపెట్టింది 1948లోనే. కాబట్టి ఆసుపత్రి వరండాలో "మనవాడే కదా, ఊరుకోండి" అన్న ప్రతిసారీ మీ పెద్దలు పూడ్చిపెట్టినదాన్ని మీరే తవ్వి తీస్తున్నారు. కటువుగా ఉంటే మన్నించండి, ఇంతకన్నా మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు.

ఇక డ్రైవర్ సంగతి. అతని గురించి మీకున్న బెంగ పూర్తిగా అబద్ధం అని నేను అనను, అంటే మిమ్మల్ని మోసం చేసినట్టే. 1949 జనవరిలో ఇంగ్లండ్‌లోని రామ్‌ఫర్డ్‌లో, ఒక కబేళా యార్డులోకి లారీ రివర్స్ చేస్తున్నాడు ఒక డ్రైవర్. లారీ తగిలి దెబ్బతిన్నది అతని హెల్పర్. ఆ హెల్పర్ ఎవరో కాదు, అతని సొంత తండ్రి. ఇద్దరూ ఒకే ఐస్, కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఉద్యోగులు. తండ్రి కంపెనీ మీద దావా వేశాడు, 1,600 పౌండ్లు వచ్చాయి, ఇన్సూరెన్స్ వాళ్లు కట్టారు. అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు కంపెనీ పేరు మీదే కొడుకు మీద కేసు వేశారు, తండ్రికి కట్టింది తిరిగి ఇవ్వమని. జాగ్రత్తగా నడుపుతానని ఉద్యోగ ఒప్పందంలోనే నువ్వు మాట ఇచ్చినట్టు లెక్క, ఆ మాట తప్పావు, కట్టు అని. 1957లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, హౌస్ ఆఫ్ లార్డ్స్, ముగ్గురు అవును ఇద్దరు కాదు అంటూ, కొడుకే కట్టాలంది.

దేశమంతా గొడవైంది. ప్రభుత్వం కమిటీ వేసింది. చివరికి అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకున్నాయి: కుమ్మక్కు ఉంటేనో, కావాలని చేసిన దురాగతం అయితేనో తప్ప ఉద్యోగి మీదికి వెళ్లం అని. అంటే ఆ ప్రమాదం తప్పింది పెద్దమనుషుల ఒప్పందం వల్ల. ఆ తీర్పు మాత్రం అలాగే ఉంది.

కొన్ని దేశాలు దీన్ని చట్టంలోనే తేల్చేశాయి. జర్మనీలో తోటి ఉద్యోగి కావాలని చేస్తే తప్ప పని ప్రమాదానికి అతన్ని సొంతంగా డబ్బు కట్టమనరు, ఇంటికీ పనికీ మధ్య దారిలో జరిగే ప్రమాదాల సంగతి వేరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కార్మిక పరిహార చట్టమే తోటివాడికీ గొడుగు పడుతుంది. మిగతాచోట్ల అంత స్పష్టత లేదు. మరి డ్రైవర్ మీద మీకు నిజంగా జాలి ఉంటే ఆపాల్సింది దెబ్బతిన్నవాడి క్లెయిమ్‌ను కాదు. అడగాల్సింది ఆ రామ్‌ఫర్డ్ కొడుక్కి లేని రక్షణను. ఏం అడగాలో చివర్లో చెబుతాను.

దానికన్నా ముందు ఒక కాగితం గురించి చెప్పాలి. ప్రమాదం జరిగిన సాయంత్రమే డ్రైవర్‌ను ఆఫీసులో కూర్చోబెట్టి తెల్లకాగితం ఇస్తారు. "నా అజాగ్రత్త వల్ల ఈ ప్రమాదం జరిగినది, ఇందుకు పూర్తి బాధ్యత నాదే" అని రాయిస్తారు. చేతులు వణుకుతున్న మనిషి ఏదైనా రాస్తాడు. ఆ కాగితం చూశాకే చాలామంది కార్మికులు, చాలామంది నాయకులు కూడా, "ఇంకేముంది, కంపెనీ తప్పు లేదని తేలిపోయింది కదా" అనుకుంటారు. తేలింది దానికి తలకిందులుగా. తప్పును బట్టి నడిచే దావాలో, ఉద్యోగి పనిలో ఉండగా చేసిన అజాగ్రత్త నేరుగా యజమాని ఖాతాలోకే వెళుతుంది. "నాదే తప్పు" అన్న డ్రైవర్ సంతకం కోర్టులో యజమాని మెడకే చుట్టుకుంటుంది. తప్పును చూడని పరిహార కేసులోనైతే ఆ కాగితానికి విలువే లేదు. మరి ఎందుకు రాయిస్తారు? అది కోర్టు కోసం కాదు. దెబ్బతిన్న కుటుంబానికి చూపించడానికి, రేపు డ్రైవర్‌ను పంపించేయాలంటే ఫైల్లో ఉండటానికి. సంఘం మనిషి పక్కన లేకుండా ఆ సాయంత్రం ఎవరూ ఏమీ రాయకూడదు, ఏం జరిగిందో అది మాత్రమే రాయాలి. "పూర్తి బాధ్యత" అనే మాట ఎవరు రాయమన్నా రాయకూడదు.

పూర్తి బాధ్యత ఒక మనిషిది ఎలా అవుతుంది అసలు? ఫోర్క్‌లిఫ్ట్‌నే తీసుకోండి. అది కారులాగా ముందు చక్రాలతో తిరగదు, వెనక చక్రాలతో తిరుగుతుంది. అందుకే మలుపు దగ్గర దాని వెనక భాగం విసురుగా బయటికి వస్తుంది. పక్కన నిలబడ్డవాడి కళ్లు ముందున్న ఫోర్కుల మీద, ఎత్తిన సరుకు మీద ఉంటాయి. దెబ్బ మాత్రం ఆ వెనక భాగం నుంచి వస్తుంది. వచ్చేది కూడా మామూలు బరువు కాదు, ముందు ఎత్తే లోడుకు సరిజోడుగా పెట్టిన ఇనుప దిమ్మ అక్కడే ఉంటుంది. సరుకు ఎత్తుగా పేరిస్తే డ్రైవర్‌కు ముందు గోడ కట్టినట్టే, అందుకని వెనక్కి నడుపుతూ పొమ్మని నేర్పుతారు. అంటే అతను షిఫ్ట్ అంతా మెడ తిప్పి కూర్చోవాలి. ఏడో గంటకో ఎనిమిదో గంటకో మెడ ఎంత తిరుగుతుందో నడిపినవాణ్ణి అడగండి.

ఇప్పుడు చెప్పండి, బండ్లు తిరిగే దారీ మనుషులు నడిచే దారీ ఒకటే చేసింది డ్రైవరా? మూల మీద అద్దం పెట్టనిది అతనా? రివర్స్ అలారం చెవులకు చిల్లులు పెడుతోందని ఎవరో వైరు పీకేస్తే, వారాల తరబడి చూసి ఊరుకున్న సూపర్‌వైజర్ మాటేమిటి? లోడింగ్ టైమ్ దాటితే లారీవాడికి పెనాల్టీ కట్టాలని అందరి మీదా టెన్షన్ పెట్టింది ఎవరు? శిక్షణ లేనివాణ్ణి "ఇవాళ ఒక్కరోజు నడుపు" అని ఎక్కించింది ఎవరు? తోటి కార్మికుడి తప్పు అని మనం అనుకునేదాంట్లో చాలాభాగం, దగ్గరికెళ్లి చూస్తే, ఎవరో ఆఫీసులో కూర్చుని తీసుకున్న నిర్ణయం. డ్రైవర్ ఆ నిర్ణయానికి చివర్న ఉన్న మనిషి, అంతే.

అందుకే సాక్ష్యం ముఖ్యం. ఇక్కడే మీరు చేయగలిగింది ఎక్కువ, లాయర్లం చేయగలిగింది తక్కువ. మా దగ్గరికి ఫైలు వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. సీసీటీవీ ఫుటేజీ చాలాచోట్ల కొన్నాళ్లకు తనంతట తనే చెరిగిపోతుంది, కొత్తది దాని మీద రికార్డవుతుంది. ఫుటేజీ దాచమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటితో అడిగితే "ఆ కెమెరా ఎప్పటినుంచో పనిచేయడం లేదు" అనే జవాబు వస్తుంది. బండికి రాత్రికి రాత్రే కొత్త బ్రేకులు పడతాయి, ఊడిపోయిన అలారం మళ్లీ మోగుతుంది. కాబట్టి బండి కదలకముందే ఫోన్లో ఫోటోలు తీయండి: బండి ఉన్న చోటు, నేల మీద చక్రాల గీతలు, లైటు వెలుతురు, దారికి అడ్డంగా పేర్చిన సరుకు. షిఫ్ట్ మొదట్లో నింపాల్సిన బండి చెక్ షీట్ ఉంటుంది చూశారూ, దాని ఫోటో కూడా. ప్రమాదం తర్వాత నింపిన చెక్ షీట్‌లో అన్ని గళ్లలోనూ ఒకే పెన్ను, ఒకే ఒరవడి, అన్నీ "ఓకే" ఉంటాయి. నెల రోజుల షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ భయపడేది ఆసుపత్రి కేస్ షీట్‌లోని మొదటి వాక్యానికి. దెబ్బతిన్నవాణ్ణి ఎమర్జెన్సీలోకి తీసుకెళ్లగానే డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, "ఎలా తగిలింది?" ఆ టైమ్‌లో జవాబు చెప్పేది రోగి కాదు. అతను నొప్పితో అల్లాడుతుంటాడు. వెంట వచ్చిన సూపర్‌వైజర్ చెబుతాడు, లేదంటే తోటి డ్రైవర్‌ను కాపాడదామని మనవాడే ఒకడు చెబుతాడు: "జారి పడ్డాడండీ." డాక్టర్‌కు తీరిక ఉండదు, అదే రాస్తాడు. కొన్నిసార్లు "ఇంటి దగ్గర పడ్డాడు" అని కూడా రాయిస్తారు, అలా రాస్తే పోలీసులకు కబురు వెళ్లదని. ఆ ఒక్క వాక్యం తర్వాత మూడేళ్లు వెంటాడుతుంది. కోర్టులో ఇన్సూరెన్స్ లాయర్ ఇంకేమీ అడగడు, ఆ కాగితం చూపించి "మీరే కదా చెప్పారు జారిపడ్డానని" అంటాడు, కూర్చుంటాడు. కాలి ఎముక నుజ్జయిన తీరు చూస్తే జారిపడటం కాదని ఏ ఎముకల డాక్టరైనా చెబుతాడు. కానీ ఆ డాక్టర్‌ను పిలిపించి, చెప్పించి, నమ్మించేసరికి కుటుంబం అప్పుల్లో మునిగిపోతుంది.

ఆ వాక్యం సరిగ్గా పడటానికి లాయర్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఆసుపత్రికి వెంట వెళ్లే ఒక్క మనిషికి "పని చోట, ఫలానా బండి తగిలింది" అని చెప్పే ధైర్యం ఉంటే చాలు. డ్రైవర్ పేరు కూడా చెప్పనవసరం లేదు.

ఏ తలుపు తట్టాలన్నది ఇంకో చిక్కు. బండి ప్రమాదం అనగానే అందరూ మోటారు వాహనాల ఇన్సూరెన్స్ ఉంటుందిలే అనుకుంటారు. రోడ్డు మీద కంపెనీ లారీ తోటి ఉద్యోగిని గుద్దితే ఆ దారి ఉండవచ్చు. ఆవరణ లోపల జరిగితే ముందు ఆ బండి ఏమిటో చూడాలి. భారతదేశపు 1988 మోటారు వాహనాల చట్టమే చూడండి: ఫ్యాక్టరీలోనో వేరే ఆవరణలోనో మాత్రమే వాడేలా తయారైన ప్రత్యేక వాహనాన్ని "మోటారు వాహనం" లెక్కలోంచి తీసేసింది. గోడౌన్ దాటని ఫోర్క్‌లిఫ్ట్‌కు అక్కడ తలుపు మూసుకునే అవకాశం ఎక్కువ. అదే యార్డులోకి వచ్చే మామూలు లారీ సంగతి వేరు. ఆ చట్టంలోనే ఇంకో మెలిక ఉంది. మోటారు వాహనాల చట్టం కిందా కార్మిక పరిహారం కిందా రెండిటికీ హక్కున్నవాడు ఏదో ఒకటే ఎంచుకోవాలి, రెండూ తీసుకోకూడదు. కార్మిక పరిహారంలో తప్పు నిరూపించే బాధ ఉండదు, కానీ లెక్క ఒక సూత్రానికి కట్టుబడి ఉంటుంది. తప్పు నిరూపించి గెలిచే దావాలో నొప్పికీ, బాధకీ, పోయిన భవిష్యత్తుకీ కూడా అడగవచ్చు, కానీ ఏళ్లు పడుతుంది. అమెరికాలో చాలాచోట్ల యజమాని మీద ఈ రెండో దారే మూసేశారు. ఏది మేలన్నది కేసును బట్టి. అందుకే ఏదో ఒక ఫారం మీద తొందరపడి సంతకం పెట్టకముందే సలహా అడగమని చెప్పండి. గడువులు కూడా ఒక్కో దారికి ఒక్కోటి.

కాంట్రాక్టు కార్మికుల విషయం మీరు ఎక్కువగా మర్చిపోతున్నారు. బండి నడిపినవాడు ఒక కాంట్రాక్టర్ మనిషి, దెబ్బతిన్నవాడు ఇంకో కాంట్రాక్టర్ మనిషి, స్థలం మూడో కంపెనీది. మన కళ్లకు వాళ్లు తోటి కార్మికులే, చట్టం కళ్లకు కాకపోవచ్చు. అది దెబ్బతిన్నవాడికి నష్టం కాదు, చాలాసార్లు లాభం. తన యజమాని దగ్గర పరిహారం అడుగుతూనే, బయటి కంపెనీ మీద విడిగా దావా వేసే దారి కొన్ని దేశాల్లో తెరుచుకుంటుంది. బ్రేకులు బాగుచేస్తామని ఒప్పుకుని చేయని సర్వీసు కంపెనీ, బండిని అద్దెకిచ్చిన కంపెనీ, లోపంతో తయారుచేసినవాడు, ఎవరైనా అందులోకి రావచ్చు. వాళ్లెవరూ "మనవాళ్లు" కాదు కాబట్టి ఇక్కడైనా మీకు మొహమాటం ఉండక్కర్లేదు.

యజమాని నిజంగా తప్పించుకోగలిగే సందర్భాలూ ఉన్నాయి. ఎక్కడ గీత పడుతుందో తెలియడానికి ఇంగ్లండ్‌లోని పాత లండన్ బస్సుల కేసులు రెండు చాలు. గుర్రాలు లాగే బస్సుల కాలంలో, 1862లో, ఒక డ్రైవర్ పోటీ కంపెనీ బస్సుకు అడ్డం తిప్పి దాన్ని బోల్తా కొట్టించాడు. అలా చేయొద్దని కంపెనీ రాసి మరీ ఇచ్చింది. అయినా కంపెనీయే కట్టాలంది కోర్టు: అతను చేస్తున్నది కంపెనీ పనే, చేసిన తీరు చెడ్డది. 1900లో వచ్చిన ఇంకో కేసులో డ్రైవర్ లేనప్పుడు కండక్టర్ బస్సును తిప్పబోయి ఒకరిని గుద్దాడు. అక్కడ కంపెనీ బయటపడింది, బస్సు నడపడం కండక్టర్ పని కాదు గనక. కాబట్టి "మేం వద్దన్నాం, అయినా స్పీడుగా వెళ్లాడు" అని మేనేజ్‌మెంట్ అంటే బెదిరిపోకండి, అది మొదటి కేసు. "అసలు వాడు డ్రైవరే కాదు" అంటే మాత్రం జాగ్రత్త. అతన్ని ఇంతకుముందు కూడా బండి ఎక్కించేవారని, అందరికీ తెలిసే జరిగేదని చెప్పే సాక్షులు కావాలి. ఆ సాక్షులు మీ దగ్గరే ఉంటారు.

రాజీల గురించి పెద్దగా చెప్పను, మీకు నాకన్నా బాగా తెలుసు. ఒక్క మాట మాత్రం. గాయం మానకముందు చేసే రాజీ రాజీ కాదు. మడమ ఎముక విరిగినవాడు మళ్లీ ఎనిమిది గంటలు నిలబడగలడా లేదా అన్నది మొదటి నెలలో ఏ డాక్టరూ చెప్పలేడు. కోర్టులు చూసేది కూడా గాయం సైజును కాదు, మనిషి చేసే పనిని. భారత సుప్రీంకోర్టు 1975లో ఒక వడ్రంగి కేసు చూసింది. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయింది. ఒక చెయ్యి ఉంది కదా అనలేదు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి సంపాదించే శక్తి మొత్తం పోయినట్టే అన్న లెక్కను ఒప్పుకుంది. పరిహారం కట్టాల్సిన బాధ్యత తీర్పు వచ్చిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కూడా అంది. "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసిన కాగితం మీద సాక్షి సంతకం పెట్టమని మిమ్మల్ని పిలిచినప్పుడు ఆ వడ్రంగి గుర్తుకు రావాలి.

ఇప్పుడు నేను అడిగేది.

వచ్చే వేతన ఒప్పందంలో ఒక క్లాజు పెట్టించండి. పనిలో ఉండగా వాహనం వల్ల తోటి ఉద్యోగికి దెబ్బ తగిలితే, కావాలని చేసినట్టో, తాగి నడిపినట్టో తేలితే తప్ప, కట్టిన పరిహారాన్ని యాజమాన్యం గానీ దాని ఇన్సూరెన్స్ కంపెనీ గానీ ఆ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు, జీతంలో కోయకూడదు. క్లెయిమ్ వేశారన్న కారణంతో ఇద్దరిలో ఎవరినీ తీసేయకూడదు. ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఇదే మాట ఉందో లేదో కాపీ అడిగి చూడండి. ఇది యాజమాన్యానికి పెద్ద ఖర్చు పెట్టే కోరిక కాదు, జీతం పెంపు కన్నా తేలిగ్గా ఒప్పుకుంటారు. ఈ క్లాజు ఉన్న రోజున "మనవాడి ఉద్యోగం పోతుంది" అని ఎవరూ ఎవరి భార్యకూ చెప్పనక్కర్లేదు. ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరినీ కాపాడే దారి ఇది. ఇప్పుడు మీరు చేస్తున్నది ఒకరిని కాపాడటానికి ఇంకొకరి కాలు ఖరీదు కట్టడం. అది కూడా యజమాని జేబు మిగిలేలా.

రెండోది, ప్రతి షిఫ్ట్‌లో ఒక మనిషిని ముందే అనుకోండి, ప్రమాదం జరిగితే ఆసుపత్రికి వెంట వెళ్లడానికి. కుర్రాడైతే మేలు, సూపర్‌వైజర్ ముందు నోరు పెగిలేవాడు. కేస్ షీట్ మీద ఏం రాశారో చదివి, ఫోటో తీసి, అప్పుడే బయటికి రావాలి. రెండోవాడు యార్డులోనే ఉండి బండి ఫోటోలు, చెక్ షీట్, ఫుటేజీ సంగతి చూడాలి. మూడోవాడు డ్రైవర్ పక్కన కూర్చోవాలి. ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకూడదు. తెల్లకాగితం వల్ల మాత్రమే కాదు, మనిషి అనే లెక్కలో కూడా.

క్లాజు ముసాయిదా కావాలంటే రాసి ఇస్తాను, ఫీజు తీసుకోను. మీ ప్లాంటులో ఏ బండ్లు ఉన్నాయి, డ్రైవర్లు ఎవరి జీతాల పట్టీలో ఉన్నారు, ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉంది, ఈ మూడూ రాసి తీసుకురండి.

ఇట్లు,
కార్మికుల క్లెయిమ్ కేసులు చూసే ఒక న్యాయవాది